బంగారు కొండల్లో నీళ్ళ లెక్క

నైలు నది పచ్చదనం ఎక్కడ ఆగిపోతుందో వేలుపెట్టి చూపించవచ్చు. ఎగువ ఈజిప్టులో కుఫ్త్ ఊరు దాటగానే చెరకు తోటలు, వాటి చివర ఒక కాలువ, గట్టున ఖర్జూరపు చెట్లు. గట్టు దిగితే ఇసుక, రాయి. మధ్యలో బీడు కూడా లేదు. మాది అనంతపురం జిల్లా. కరువు నేలంటే ఏమిటో మాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా వాన మొహం చాటేసిన ఏడు కూడా మా మెట్టల్లో తంగేడు పూస్తుంది, జిల్లేడు బతుకుతుంది, గొర్రెలు ఏదో ఒకటి కొరుక్కుని సాయంత్రానికి దొడ్డికి చేరతాయి. కుఫ్త్ తూర్పున ఆ మాత్రం ఊరట లేదు. అక్కడి నుంచి ఎర్ర సముద్రం దాకా సుమారు 180 కిలోమీటర్లు ఎండిన వంకలూ బోడికొండలే.

ఆ కొండల్లో బంగారం ఉంది. ఈజిప్టు ఫారో టుటన్‌ఖామున్ లోపలి శవపేటిక ఒక్కటే 110 కిలోల బంగారం. ముఖానికి తొడిగిన ముసుగు మరో పది కిలోలు. ఈజిప్టులో బంగారం దుమ్ములా పడి ఉంటుందట కదా, మాకు మరికొంత పంపమంటూ మితాని రాజు తుష్రత్త ఫారోకి మట్టిపలకల మీద ఉత్తరాలు రాయించాడు. ఆ ఉత్తరాలు ఇప్పటికీ ఉన్నాయి. కైరోలో ఆ ముసుగు ముందు నిలబడ్డప్పుడు నా మనసు దాన్ని మలిచిన కంసాలి మీదికి పోలేదు. ఇంత బంగారం ఏ కొండలోంచి తీశారు, తీసినవాళ్ళు ఏం తిన్నారు, ఏం తాగారు అన్న ఆలోచనే పట్టుకుంది. మా బావమరిది భూగర్భశాస్త్రం చదివి గనుల్లో పనిచేసి రిటైరైనవాడు. "బావా, అది తెలియాలంటే మ్యూజియంలో కాదు, వాదీ హమ్మామాత్‌లో చూడాలి" అన్నాడు. కుఫ్త్‌కి తూర్పున కొండల మధ్య పోయే ఎండువంక అది. అలా ఆ దారి పట్టాం.

పొద్దున కుఫ్త్‌లో రోడ్డు పక్కన పలహారం. ఫూల్ అంటే చిన్న మంట మీద రాత్రంతా ఉడికించిన చిక్కుడుజాతి గింజలు. నూనె, జీలకర్ర, నిమ్మరసం వేసి మెదిపి ఇస్తారు. దాంట్లోకి ఎండరొట్టె. ముద్దని మట్టిపళ్ళెంలో పెట్టి ఎండలో పొంగబెట్టి ఆ తర్వాత పొయ్యిలో కాలుస్తారు. ఎగువ ఈజిప్టులోనే చేస్తారట. పైన గట్టిగా, లోపల మెత్తగా, కాస్త పులుపుగా ఉంటుంది. మేం తూర్పు దారిన పోతున్నామని తెలిసి కొట్టు పెద్దాయన మరో నాలుగు రొట్టెలు కాగితంలో చుట్టి చేతిలో పెట్టాడు. డబ్బులిస్తే పుచ్చుకోలేదు. కొండల్లోకి పోయేవాడు రొట్టె తక్కువ పెట్టుకోకూడదన్నాడు. ఆయన మాట వెనక ఎన్ని వేల ఏళ్ళ అనుభవం ఉందో కొన్ని గంటల తర్వాత కొండల్లోకి వెళ్ళాక తెలిసింది.

రోడ్డు బాగుంది. నాలుగు వేల ఏళ్ళ కిందట మూడో మెంటుహోటెప్ రాజు దగ్గర హెను అనే అధికారి మూడు వేలమందిని వెంటబెట్టుకుని ఇదే దారిన సముద్రానికి నడిచాడు. ఆ సంగతి రాతి మీద చెక్కించాడు కూడా. మనిషికి రోజుకి రెండు కూజాల నీళ్ళు, ఇరవై రొట్టెలు. తోలుతిత్తి ఒకటి, కావడికర్ర ఒకటి. చెప్పులు అరిగిపోతే మార్చుకోడానికి గాడిదల మీద చెప్పుల మూటలు. దారిలో బావులు తవ్వించాడు. రాజుల శాసనాల్లో ఎక్కువగా కనిపించేది గొప్పలే. ఈ శాసనంలో ఒక మేస్త్రీ లెక్క ఉంది. ఎవరికి ఎన్ని రొట్టెలు, ఎన్ని కూజాలు అన్న లెక్క తప్పితే ఈ కొండల్లో మనిషి మిగలడని హెనుకి తెలుసు.

ఎడమవైపు కొండకొమ్ముల మీద అక్కడక్కడ రాళ్ళు పేర్చి కట్టిన చిన్న బురుజులు కనిపిస్తాయి. రోమన్ల నాటి కావలి బురుజులవి. ఒక దాని మీద నిలబడితే తర్వాతిది కనిపిస్తుంది. ఈ దారి పొడవునా అరవైకి పైగా ఉన్నాయి. చెక్‌పోస్టు దగ్గర పోలీసు కుర్రవాడు కాగితాలు చూడటం కంటే ముందు టీ పోశాడు. గ్లాసులో మూడోవంతు చక్కెర. అరబ్బీలో మేం రెండు ముక్కలు మాట్లాడితే మా తప్పులు దిద్దకుండా తలాడించాడు. అడగక్కుండా సీసాల్లో నీళ్ళు నింపి ఇచ్చాడు. ఆ దారిలో మమ్మల్ని ఎవరూ పేరు అడగకముందే నీళ్ళు ఉన్నాయా అని అడిగారు.

బీర్ హమ్మామాత్ అంటే రాతి గోడతో గుండ్రంగా కట్టిన దిగుడుబావి. లోపలికి మెట్లు సుడి తిరుగుతూ పోతాయి. చుట్టూ సగం చెక్కి వదిలేసిన రాతి శవపేటికలు పడున్నాయి. అక్కడి నుంచి వంక సన్నబడుతుంది. రెండు వైపులా నల్లని కొండలు మీదికి వస్తున్నట్టుంటాయి. ఇది బెఖెన్ రాయి, ఫారోలకి ప్రాణమైన రాయి. పచ్చఛాయ కలిసిన నలుపు, నున్నగా తేలే గుణం. ఈజిప్టు చరిత్రకి తొలి పుట లాంటి నార్మర్ ఫలకం ఈ జాతి రాతితోనే చేశారు.

కొండ పాదాన రాళ్ళ మీద వందల శాసనాలు. బొమ్మలు, పేర్లు, మొక్కులు, హాజరు పట్టీలు. నాలుగో మెంటుహోటెప్ మంత్రి అమెనెమ్‌హెట్ పదివేల మందితో వచ్చి రాజు శవపేటికకి మూత రాయి వెతికాడు. అంతమందీ వెతుకుతుండగా చూలుతో ఉన్న జింక ఒకటి వాళ్ళకి ఎదురుగా బెదరకుండా నడిచి వచ్చి ఒక బండ మీద పిల్లని ఈనిందని శాసనం. ఆ బండనే దేవుడు చూపిన రాయిగా ఎంచుకున్నారు. జింకని అక్కడే కోసి బలిచ్చారు. కొన్నాళ్ళకి వాన కురిసి, ఎవరూ ఎరగని బావి ఒకటి అంచుదాకా నిండి కనిపించిందని మరో శాసనం. ఆయనకి అన్నిటికన్నా గర్వకారణమైన మాట వేరే ఉంది. తనతో వచ్చినవాళ్ళలో ఒక్క మనిషీ పోలేదు, ఒక్క గాడిదా చావలేదు అని రాయించుకున్నాడు. ఈ మంత్రే తర్వాత ఒకటో అమెనెమ్‌హెట్ పేరుతో గద్దెనెక్కాడని చరిత్రకారులు అంటారు.

ఎనిమిది వందల ఏళ్ళు దాటాక, క్రీ.పూ. 1150 ప్రాంతంలో, నాలుగో రామెసెస్ ఎనిమిది వేలమందికి పైగా జనాన్ని ఇక్కడికి పంపాడు. ఆయన శాసనం కూడా ఇక్కడే ఉంది. వచ్చిన అధికారులు, సిపాయిలు, రాతిపనివాళ్ళు, చిత్రకారుల లెక్క వరసగా చెప్పి, చివర చచ్చినవాళ్ళు 900 అని ఒక అంకె వేశారు. పేర్లు లేవు. ఎలా పోయారో లేదు. వచ్చినవాళ్ళలో తొమ్మిదోవంతు దగ్గర దగ్గర ఇక్కడే మట్టయ్యారు. రెండు శాసనాల మధ్య నడిచిన దూరం కొద్ది అడుగులే. మంత్రి చెప్పుకున్న గొప్పని నేను పూర్తిగా నమ్మకపోయినా, జనం ప్రాణాలు లెక్కలోకి రావాలన్న బుద్ధి ఆయనకి ఉందని మాత్రం ఒప్పుకుంటాను. 900 అని చెక్కినవాడు దాచకుండా చెప్పాడు. అదీ చిన్న విషయం కాదు.

ఆ యాత్ర కాలానిదే ఇంకొకటి మిగిలింది. ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో పపైరస్ మీద గీసిన ఒక పటం ఉంది. డెయిర్ అల్ మదీనా పనివాళ్ళ ఊళ్ళో ఉండే లేఖకుడు అమెన్నఖ్త్ చేతిరాత. దాదాపు 2.8 మీటర్ల పొడవు. కొండల రంగునిబట్టి రాళ్ళ జాతిని చెప్పిన పటాల్లో ప్రపంచంలో మనకి దొరికినవాటిలో ఇదే పాతది. దాని నకలు మా బావమరిది సంచిలో ఉంది. ఒక బండ మీద పరిచి, ఎగిరిపోకుండా నాలుగు మూలలా రాళ్ళు పెట్టాడు. ఆ పటంలో దక్షిణం పైకి ఉంటుంది, అందుకని మేం కాగితాన్ని తిప్పుకుని కూర్చున్నాం. కొన్ని కొండలు నల్లగా, కొన్ని గులాబీ రంగులో వేశాడు. గులాబీ కొండల మీద బంగారపు కొండలు అని రాశాడు. వంకలో గులకరాళ్ళని చుక్కలు చుక్కలుగా వేశాడు. పనివాళ్ళ ఇళ్ళు నాలుగు, అమున్ దేవుడి గుడి, సేతి రాజు నిలబెట్టిన తెల్ల శిల, ఒక బావి.

"తల ఎత్తి చూడు బావా" అన్నాడు. ఎదురుగా నల్లకొండ అయిపోయి గులాబీ రంగు గ్రానైట్ మొదలవుతోంది. ఆ కలిసే చోట మూడు వేల ఏళ్ళ కిందట ఆ లేఖకుడు చేతికుంచెతో ఒక గీత గీశాడు. ఆ గీత పక్కనే మేం కూర్చున్నాం. కుంచె పట్టుకున్నవాడు ఇక్కడికి కాలినడకన వచ్చి, ఈ రాళ్ళ తేడా కళ్ళతో చూసే వేశాడని ఇక్కడ కూర్చుంటేగాని నమ్మకం కుదరదు.

మరికొంచెం ముందుకి పోతే బీర్ ఉమ్మ్ ఫవాఖిర్. రోడ్డుకి ఇవతల పాత బావి. అవతల కొండల మధ్య, బయటికి కనపడకుండా, ఒక ఊరు. చాలాకాలం దీన్ని రోమన్ల మజిలీ అనుకున్నారు. 1990ల్లో షికాగో విశ్వవిద్యాలయం ఓరియంటల్ ఇన్‌స్టిట్యూట్ నుంచి కరోల్ మెయర్ బృందం వచ్చి గోడ గోడనీ కొలిచాక ఇది క్రీ.శ. 5, 6 శతాబ్దాల నాటి బంగారు గనిపనివాళ్ళ ఊరని తేలింది. పెద్ద వీధిగా పనికొచ్చిన ఎండువంకకి అటూ ఇటూ రెండు వందలకు పైగా ఇళ్ళు. వెయ్యిమంది దాకా ఉండేవాళ్ళని అంచనా. కోటగోడ లేదు, బురుజు లేదు.

ఇళ్ళన్నీ రాళ్ళు పేర్చి కట్టినవే. కొన్ని గోడలు ఇప్పటికీ భుజం ఎత్తున నిలబడే ఉన్నాయి. రెండు మూడు గదులు. గోడలో గూడు, కూర్చోడానికి రాతి అరుగు. గూడులో వేలు పెట్టి చూశాను, లోపల అడుగున పలకరాయి నున్నగా పరిచి ఉంది. దీపం పెట్టుకున్నారేమో, ఉప్పు పెట్టుకున్నారేమో. గడపకి బయట, మా ఇళ్ళల్లో ఉండేలాంటి తిరగలిరాయి. నడుమ బొక్క, పిడి పట్టే చోటు, అన్నీ అవే. మోకాళ్ళ మీద కూర్చుని అరచేత్తో రుద్దితే ఒక పక్క ఎక్కువగా అరిగిన సంగతి తెలిసింది. తిప్పినచేయి ఎప్పుడూ ఒక దిక్కుకే బరువు వేసి ఉండాలి. ఈ తిరగలి జొన్నలు విసరలేదు. రాయి విసిరింది. దాని పక్కన నడిబొడ్డున గుంతపడిన దంపుడుబండ ఇంకోటి ఉంది.

పని ఇలా సాగేది. గ్రానైట్‌లో పలుగురాయి చారలు పోతాయి. బంగారం ఆ చారల్లో, చాలాచోట్ల కంటికి కనిపించనంత సన్నటి రేణువులుగా ఉంటుంది. ఉలీ సమ్మెటా పెట్టి చార వెంబడే కొండలోకి పోతారు. తీసిన రాయిని బండ మీద పెట్టి బఠానీగింజంత చేస్తారు. దాన్ని తిరగలిలో పిండి చేస్తారు. పిండిని వాలుబల్ల మీద నీళ్ళు పోసి కడిగితే తేలికపాటి రాతిపొడి కొట్టుకుపోయి బరువైన బంగారం మిగులుతుంది. ప్రతి దశలోనూ మనిషి రెక్కలు. చివరి దశలో నీళ్ళు. ఎడారిలో.

కాపలా ఉండే పెద్దాయన అబాబ్దా తెగవాడు. వాళ్ళు తరతరాలుగా ఈ తూర్పు ఎడారిలో ఒంటెలూ మేకలూ కాసుకుని బతికినవాళ్ళు. మమ్మల్ని గోడల మీద ఎక్కనివ్వలేదు, పెంకు ముక్క ఒక్కటి తీసినా వెనక్కి పెట్టించాడు. ఆ కచ్చితత్వానికి ఆయనకి దణ్ణం పెట్టాలనిపించింది. తర్వాత తన నీడలోకి పిలిచి జబనా పెట్టాడు. పచ్చి కాఫీగింజల్ని నిప్పుల మీద చిన్న రేకుగిన్నెలో వేయించి, పొగ మా ముక్కులకి తగిలేలా గిన్నె చుట్టూ తిప్పి, అల్లం కలిపి దంచి, మెడ సన్నటి మట్టికుండలో మరిగించాడు. గుక్కెడు పట్టే కప్పులు. ఒకటి తాగి లేవడం మర్యాద కాదు. బూడిదలో పూడ్చి కాల్చిన రొట్టె తీసి, చేత్తో దులిపి, విరిచి ముందు మాకిచ్చాడు. కుఫ్త్ పెద్దాయన ఇచ్చిన రొట్టెలు మేమూ విప్పాం. ఆయన పాత్రలో నీళ్ళు తక్కువే ఉన్నాయి, అయినా మా చేతులు కడగడానికి పోశాడు. వద్దని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఎందుకంటే అది ఆయన గౌరవం.

ఈ ఊరి గురించి నాకు ఇష్టమైన సంగతి ఒకటుంది. ఇక్కడ గనిపనివాళ్ళకి ఇళ్ళు ఉన్నాయి, గోడల్లో గూళ్ళు ఉన్నాయి. గుట్టల మీద సమాధులు ఉన్నాయి. అన్ని కాలాల్లోనూ ఇలా లేదు. క్రీ.పూ. రెండో శతాబ్దంలో అగథార్కిడీస్ అనే గ్రీకు పండితుడు టోలెమీ రాజుల కాలం నాటి గనుల గురించి రాశాడు. మూలగ్రంథం పోయింది, డయొడోరస్ వంటివాళ్ళు తమ పుస్తకాల్లో చెప్పుకోవడం వల్ల విషయం దక్కింది. నేరస్థులు, యుద్ధ ఖైదీలు, రాజు కోపానికి గురైనవాళ్ళు, ఒక్కోసారి కుటుంబాలతో సహా ఆ గనుల్లో పనిచేసేవాళ్ళు. కాళ్ళకి సంకెళ్ళు. నుదుటికి కట్టిన దీపాల వెలుగులో చార ఎటు పోతే అటు వంగి, పాకి తవ్వడం. గట్టి రాయిని మంటపెట్టి పగలగొట్టడం. ఈడు రాని పిల్లలు సొరంగాల్లోకి దూరి ముక్కలు ఏరి బయటికి మోస్తారు. ముప్ఫై దాటిన మగవాళ్ళు ఇనపరోకళ్ళతో దంచుతారు. ఆడవాళ్ళూ ముసలివాళ్ళూ ఇద్దరు ముగ్గురు కలిసి తిరగలి తిప్పుతారు. జబ్బు చేసినా కొరడా ఆగదు. కాపలాకి వేరే భాష మాట్లాడే సిపాయిల్ని పెడతారు, మాటామాటా కలిసి జాలిపడతారేమోనని. అన్నిట్లోకీ నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ చివరి ఏర్పాటు. మనిషికి మనిషి మీద పుట్టే దయని ముందే ఊహించి, దానికి కూడా తాళం వేశారు.

ఇందులో అతిశయం ఎంతో అని పండితులు వాదించుకుంటూ ఉండేవాళ్ళు. 2023 జనవరిలో ఇదే ఎడారిలో ఉత్తరాన ఉన్న ఘొజ్జా అనే టోలెమీల నాటి గని ఊళ్ళో బెరాంజేర్ రెడాన్ నాయకత్వంలోని ఫ్రెంచి బృందానికి కాలిసంకెళ్ళు దొరికాయి. ఇనపవి, రెండు జతలు. మనుషుల చీలమండలకి సరిపోయేవి. అదే ఊళ్ళో కొందరికి కూలి ముట్టినట్టు చెప్పే రాత పెంకులూ దొరికాయి. అంటే ఒకే గనిలో కూలివాడూ ఉన్నాడు, సంకెళ్ళవాడూ ఉన్నాడు. పక్కపక్కనే ఒకే చారలో రాయి కొట్టి ఉంటారు.

సంకెళ్ళతో చచ్చినవాళ్ళు ఎందరో, దాహంతో చచ్చినవాళ్ళు ఎందరో. ఇక్కడికి చాలా దక్షిణాన నూబియాలోని కుబాన్ శాసనం ఆ సంగతి సూటిగా చెబుతుంది. అకుయాతి బంగారు నేలకి పోయే జట్టులో సగంమందే గమ్యం చేరుతున్నారని, మిగతావాళ్ళు తోలుకుపోతున్న గాడిదలతో సహా దారిలో దాహంతో చస్తున్నారని అధికారులు రెండో రామెసెస్‌కి మొరపెట్టుకున్నారు. ఆయన తండ్రి సేతి అక్కడ 120 మూరల లోతు, అంటే అరవై మీటర్లు దాటి, బావి తవ్వించాడు. నీళ్ళు పడలేదు, వదిలేశారు. కొడుకు మళ్ళీ తవ్విస్తే పన్నెండు మూరలకే పడ్డాయట. అదే సేతికి మరో చోట అదృష్టం కలిసొచ్చింది. ఎడ్ఫూకి తూర్పున కనాయిస్ దగ్గర బావి పడింది. పక్కనే కొండని తొలిచి గుడి కట్టించాడు. బాటసారి గొంతెండితే ఎవరు తడుపుతారన్న దిగులు రాజుకి కలిగిందని ఆ గుడి గోడ మీద రాయించాడు. ఫారోల ఖజానాలోకి చేరిన బంగారం త్రాసులో తూచారు. దాన్ని ఇంటికి తెచ్చిన లెక్క మాత్రం నీళ్ళ కూజాల్లోనే ఉంది. అన్ని రాజవంశాలూ, గ్రీకులూ, రోమన్లూ మారినా ఆ లెక్క మారలేదు.

కొండలు దిగి ఎర్ర సముద్రం ఒడ్డున కుసైర్ చేరేసరికి గాలిలో ఉప్పు వాసన. చేపని ఉప్పూ జీలకర్రా వెల్లుల్లీ పట్టించి బొగ్గుల మీద కాల్చి అన్నంతో పెట్టారు. నైలు లోయలో రొట్టె తిన్న మాబోటివాళ్ళకి సముద్రం ఒడ్డున అన్నం కనపడితే ఇల్లు గుర్తుకు వస్తుంది. అక్కడికి కాస్త ఉత్తరాన పాత రేవు మయోస్ హోర్మోస్ దిబ్బలు. అక్కడి నుంచి ఏటా 120 ఓడలు ఇండియాకి పోతున్నాయని గ్రీకు భూగోళ పండితుడు స్ట్రాబో రాశాడు. తవ్వకాల్లో ఇక్కడ తమిళ బ్రాహ్మీలో పేర్లు గీసిన పెంకులు దొరికాయి. బ్రాహ్మీ లిపిలో, ప్రాకృతంలో రాసిన పెంకు కూడా ఒకటి దొరికింది. ముగ్గురు వర్తకుల పేర్లు, వాళ్ళ పద్దులో మాంసం, నూనె, ద్రాక్షసారా. అందులో ఒకరి పేరు విష్ణుదత్తుడు. మన శాతవాహనులు శాసనాలు వేయించిందీ ప్రాకృతంలోనే. ఇటు మన వినుకొండలో, నాగార్జునకొండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ఈ కొండల బంగారమే మన దగ్గరికి వచ్చిందని అనలేం. ఆ రోజుల్లో రోమ్ బంగారం ఎక్కువగా స్పెయిన్ గనులది. మన సరుకుకి బదులుగా ఆ బంగారం నడిచి వచ్చిన దారుల్లో మాత్రం మేం వచ్చిన దారి ఒకటి. బావులు తవ్విన హెను, 900 మంది ముగిసిపోయిన రామెసెస్ జట్టు నడిచిన దారి మీదుగా మన మిరియాల మూటలు అటు పోయాయి.

ఇప్పుడు ఆ పాత గనులకి కొత్త ప్రమాదం వచ్చింది. మెటల్ డిటెక్టర్లూ యంత్రాలూ పట్టుకుని దొంగతనంగా బంగారం తవ్వేవాళ్ళు పాత ఊళ్ళనే గుర్తుగా పెట్టుకుంటున్నారు. 2020లో సూడాన్‌లోని జబల్ మరాఘాలో రెండు వేల ఏళ్ళ నాటి కట్టడాన్ని పొక్లెయిన్లతో పదిహేడు మీటర్ల లోతుకి తవ్వేశారు. ఫవాఖిర్ నిలబడి ఉందంటే, పెంకు ముక్క కూడా తీయనివ్వని ఆ అబాబ్దా పెద్దాయన లాంటివాళ్ళు ఉండబట్టి.

మన దగ్గర రామగిరి ఉంది. మా పాత ఉమ్మడి జిల్లాలోనే. పాతకాలం తవ్వకాల జాడ పట్టుకునే గత శతాబ్దంలో కంపెనీలు అక్కడ గనులు వేశాయి. కుప్పం వైపు బిసానత్తం ఉంది. 2001లో కోలార్ బంగారు గనులు మూతపడ్డప్పుడు ఇంటికొచ్చి కూర్చున్న తెలుగువాళ్ళూ ఉన్నారు. భూమి లోపల ఎంత వేడి ఉండేదో, ఏం తినేవాళ్ళో, నీళ్ళు ఎలా అందేవో చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ముసలివాళ్ళయ్యారు. ఈజిప్టు పాత గనిపనివాళ్ళ సంగతి తెలుసుకోడానికి సంకెళ్ళనీ తిరగళ్ళనీ అడగాల్సి వస్తోంది. మనవాళ్ళని నోరారా అడగవచ్చు. ఆ ఊళ్ళ ఉపాధ్యాయులకీ కాలేజీ పిల్లలకీ నా మనవి ఒక్కటే. ఈ ఎండాకాలం సెలవుల్లో ఒక నోటుబుక్కు తీసుకుని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళండి, వాళ్ళు చెప్పింది పేర్లతో సహా రాసుకోండి.